పరిహారం పెంచినా భూమి గొడవలు ఎందుకు చల్లారవు?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. రహదారికో, ఆనకట్టకో, విమానాశ్రయానికో భూమి తీసుకునేటప్పుడు మార్కెట్ ధరకు మించి ఇస్తామన్నా ప్రజలు ఎందుకు ఎదురుతిరుగుతారు? తప్పు ప్రజల మొండితనానిదా, అధికారుల దురుసుతనానిదా? పనులు సగంలో ఉండగా గొడవ ముదిరితే బయటపడే దారి ఏదైనా ఉందా? నేను చాలా ఏళ్లు ప్రాజెక్టుల పక్షాన పునరావాస సర్వేలు, సామాజిక ప్రభావ అంచనాలు చేశాను. ఆ తరువాత భూమి కోల్పోయేవారికి అభ్యంతర పత్రాలు రాసుకోవడంలో సాయపడుతూ వస్తున్నాను. రెండు వైపులా కూర్చుని చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: గొడవ ఎంత దూరం పోతుందన్నది ధర కంటే ఎక్కువగా, ప్రజలను అడిగేనాటికి ఆ ప్రాజెక్టులో మార్చడానికి ఇంకా ఏమైనా మిగిలి ఉందా లేదా అన్నదానిపైనే ఆధారపడి ఉంటుంది. మీ మూడు ప్రశ్నలకూ నా జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది.

బయటినుంచి చూసేవారికి ప్రాజెక్టు నోటిఫికేషన్‌తో మొదలైనట్టు కనిపిస్తుంది. నిజానికి నోటిఫికేషన్ వచ్చేనాటికి దానికి కొన్నేళ్ల వయసు ఉంటుంది. మొదట ప్రాజెక్టు అవసరమన్న నిర్ణయం జరుగుతుంది. తరువాత ఒక సలహా సంస్థ ఉపగ్రహ చిత్రాలు, కాంటూరు పటాలు, మట్టి పరీక్షలు చూసుకుని రెండు మూడు మార్గాలు గీసి, వాటిలో ఖర్చు తక్కువయ్యేదాన్ని సిఫారసు చేస్తుంది. దాని మీద సమగ్ర ప్రాజెక్టు నివేదిక, నివేదిక మీద ఆర్థిక అనుమతి, అనుమతి మీద రుణం, రుణం మీద టెండరు, ఇలా ఒకదానిపై ఒకటి పేరుకుంటూ పోతాయి. భూమి వ్యవహారం చూసే యంత్రాంగానికి చిట్టచివర చేరేది సర్వే నంబర్ల జాబితా. ఊరివారికి మొదటిసారి నోరు విప్పే అవకాశం దొరికే సభకు అధ్యక్షత వహించేది ఆ జాబితా అందుకున్న అధికారి. ఆయనకు చెట్ల లెక్క, బావి విలువ, వాటాదారుల పేర్లు సరిచేసే అధికారం ఉంటుంది గాని, మార్గాన్ని అర కిలోమీటరు పక్కకు జరిపే అధికారం ఉండదు. ఊరివారు మార్గం గురించి అడుగుతారు, ఆయన ధర గురించి జవాబు చెబుతారు. ఆ సభ ముగిశాక ఆయన వీళ్లు మొండివాళ్లని, వాళ్లు ఈయన మాట వినని మనిషని అనుకుంటూ ఇళ్లకు పోతారు. రెండో ప్రశ్నకు నా సమాధానంలో చాలా భాగం ఇందులోనే ఉంది. నేను చూసిన అధికారుల్లో అత్యధికులు దురుసు మనుషులు కారు. వారి చేతిలో ఏ అధికారమూ మిగలని దశలో వారిని ప్రజల ముందుకు పంపారు.

ఒక ముంపు గ్రామంలో ఇంటింటి లెక్కలు రాసుకుంటూ వెళుతున్నప్పుడు ఒక ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో వేసిన అంకె కనిపించింది. మాకు కొన్ని నెలల ముందు వచ్చిన సర్వే బృందం, ఇంట్లో ఎవరూ లేని వేళ, కట్టడాల జాబితా కోసం దాన్ని వేసి వెళ్లింది. "ఈ నంబరు వేసిన్నాడే మా ఇల్లు పోయినట్టేనా బాబూ?" అని ఆ ఇంటి పెద్దావిడ నన్ను అడిగింది. అలా ఏమీ లేదని, నోటిఫికేషన్ ఇంకా రాలేదని, వచ్చాక అభ్యంతరం చెప్పుకోవచ్చని చట్టంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ నన్ను లోపలికి తీసుకెళ్లి వెనక గదిలో ఒరిగిపోతున్న గోడ చూపించింది. నంబరు పడినప్పటినుంచి మరమ్మతు మీద డబ్బు పెట్టడం వృథా అని ఆపేశారట, అప్పు అడిగితే ఆ ఊరి ఆస్తి మీద ఎవరూ ఇవ్వడం లేదట. తరువాత కట్టడాల విలువ కట్టిన ఇంజినీరు ఆ గోడను శిథిలంగా నమోదు చేశాడు, తరుగుదల కింద పరిహారం తగ్గింది. ప్రాజెక్టు ప్రకటన వల్లే పాడైన గోడకు ప్రాజెక్టే విలువ తగ్గించింది. మా పరిహారపు పట్టికలో ఎంత వెతికినా ఈ నష్టానికి గడి లేదు. నిర్ణయానికీ నోటీసుకూ మధ్య సాగే ఏళ్లలో ఊరు ఇలాగే కొంచెం కొంచెం కుంగిపోతుంది. సభలో కనిపించే కోపంలో ఎక్కువ పాలు ఆ ఏళ్లలో పోగైనదే.

ప్రపంచంలో ఈ విషయం మీద అందరూ చెప్పుకునే ఉదాహరణ జపాన్‌లోని నరిటా విమానాశ్రయం. టోక్యోకు రెండో అంతర్జాతీయ విమానాశ్రయం కావలసి వచ్చినప్పుడు ప్రభుత్వం మొదట తొమిసాతో ప్రాంతాన్ని ఎంచుకుంది. అక్కడ వ్యతిరేకత తీవ్రంగా రావడంతో రాజకుటుంబపు పశుక్షేత్రం కొంత కలిసివచ్చే పక్క ప్రాంతం సన్రిజుకాకు మారి, 1966 జులై 4న మంత్రివర్గం ఖరారు చేసింది. ఆ నిర్ణయానికి ముందు అక్కడి రైతులతో సంప్రదింపు జరగలేదు. వారిలో చాలామంది రెండో ప్రపంచ యుద్ధం తరువాత వచ్చి, అడవి నరికి, స్వయంగా సాగులోకి తెచ్చుకున్న నేల అది. 1971లో బలవంతపు స్వాధీనం మొదలైంది, ఆ ఏడాది సెప్టెంబరు ఘర్షణల్లో ముగ్గురు పోలీసులు మరణించారు. 1978 మార్చి చివర ప్రారంభోత్సవం జరగాల్సి ఉండగా, దానికి నాలుగు రోజుల ముందు ఆందోళనకారులు కంట్రోల్ టవర్‌లోకి చొరబడి పరికరాలను ధ్వంసం చేయడంతో విమానాశ్రయం మే 20న గాని తెరుచుకోలేదు. 2,500 మీటర్లుగా అనుకున్న రెండో రన్‌వే 2002లో 2,180 మీటర్లతోనే మొదలైంది, అనుకున్న పొడవుకు చేరడానికి 2009 వరకు పట్టింది. 1966లో సంప్రదింపు కోసం ఒకటి రెండేళ్లు కేటాయించడం ఆనాటి ప్రభుత్వానికి ఆలస్యంగా తోచి ఉంటుంది. ఆ తొందరకు కొన్ని దశాబ్దాల జాప్యం మూల్యమైంది.

నార్వేలోని ఫోసెన్ ద్వీపకల్పంలో ఇదే కథ మరో రూపంలో, చాలా మర్యాదగా, కోర్టుల గుండా నడిచింది. అక్కడి గాలిమరల ప్రాజెక్టులకు 2010లో లైసెన్సు వచ్చింది, ప్రభుత్వం 2013లో దాన్ని ఖరారు చేసింది. అది అక్కడి ఆదివాసులైన దక్షిణ సామీ ప్రజలు శీతాకాలంలో రెయిన్‌డీర్ మందలను మేపుకునే కొండ. వారి అభ్యంతరం కోర్టులో నలుగుతుండగానే 151 మరలు నిలబడ్డాయి. 2021 అక్టోబరు 11న నార్వే సుప్రీంకోర్టు, సామీల సాంస్కృతిక హక్కుకు భంగం కలిగిందని, లైసెన్సులు చెల్లవని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అప్పటికి మరలు తిరుగుతున్నాయి, తీర్పు తరువాత కూడా తిరుగుతూనే ఉన్నాయి. 500 రోజులు గడిచినా ఏమీ మారకపోవడంతో 2023లో యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖల ముందు బైఠాయించింది. చివరకు 2023 డిసెంబరులో ఒక పక్షంతో, 2024 మార్చిలో మరో పక్షంతో ఒప్పందాలు కుదిరాయి. గాలిమరలు పర్యావరణానికి మంచివే. కానీ హక్కు తేలకముందే కట్టడం పూర్తయితే, గెలిచినవారి చేతికి కాగితం మాత్రమే వస్తుందని ఆ తీర్పు తరువాతి రెండేళ్లు చూపించాయి. కోర్టుకు వెళ్లదలచినవారు, తీర్పు వచ్చేదాకా పనులు ఆపే మధ్యంతర ఉత్తర్వు కోసం తొలి రోజునే ప్రయత్నించాలని నేను అడిగినవారందరికీ చెప్పేది ఇందుకే.

ఈ పాఠం నేర్చుకున్న దేశాలు లేకపోలేదు. ఫ్రాన్స్‌లో 1990 ప్రాంతంలో మార్సే వైపు వేగరైలు మార్గం ప్రకటించినప్పుడు ప్రోవాన్స్ రైతులు, ద్రాక్షతోటల వారు పట్టాల మీదికి వచ్చారు. దాని ఫలితంగా 1992 డిసెంబరులో ఒక మంత్రి సర్క్యులర్, 1995లో ఒక చట్టం వచ్చి, పెద్ద ప్రాజెక్టులపై బహిరంగ చర్చ జరిపించే జాతీయ కమిషన్ ఏర్పడింది. దాని విశిష్టత ఒక్కటే: మార్గం ఎలా ఉండాలన్నదానితో పాటు అసలు ప్రాజెక్టు కావాలా అన్న ప్రశ్నను కూడా చర్చకు పెడతారు. చర్చ ముగిశాక ప్రాజెక్టు సంస్థ తాను కొనసాగుతుందో, మార్చుకుంటుందో, మానుకుంటుందో గడువులోగా బహిరంగంగా ప్రకటించాలి. భారత్‌లో 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా ఉద్దేశం కూడా ఇదే. నిపుణుల బృందం లాభం కన్నా నష్టం ఎక్కువని తేల్చితే ప్రాజెక్టును విరమించమని సిఫారసు చేయవచ్చు. అయితే జాతీయ రహదారులు, రైల్వేలు, మెట్రో వంటి వాటి చట్టాలను నాలుగో షెడ్యూలులో పెట్టి ఈ దశ నుంచి మినహాయించారు. తమిళనాడు, గుజరాత్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలు సొంత సవరణలతో మినహాయింపులను మరింత విస్తరించుకున్నాయి. పరిహారం లెక్క మిగిలింది, ప్రశ్న అడిగే దశ పోయింది. ప్రాజెక్టులు త్వరగా కదలాలన్న కోరికతో చేసిన ఈ మార్పు, గొడవలను సభా మందిరంలోంచి పొలం గట్టు మీదికి నెట్టిందని నా అభిప్రాయం.

ఇప్పుడు డబ్బు సంగతి. పరిహారం పెంచితే ఒప్పుకోలు పెరగాలన్నది సహజంగా తోచే లెక్క. స్విట్జర్లాండ్‌లోని వోల్ఫెన్‌షీసెన్ అనే ఊరి దగ్గర అణువ్యర్థాల నిల్వ కేంద్రం ప్రతిపాదించినప్పుడు, 1993లో ఇద్దరు ఆర్థికవేత్తలు ఊరివారిని ఇంటింటికీ వెళ్లి అడిగారు. ఏ పరిహారం ప్రస్తావనా లేకుండా అడిగితే 50.8 శాతం మంది సరేనన్నారు. ఏటా ఇంత సొమ్ము ఇస్తామని చెప్పి అడిగితే సరేనన్నవారు 24.6 శాతానికి పడిపోయారు, సొమ్ము పెంచి అడిగినా మాట మార్చుకున్నవారు దాదాపు లేరు. దేశం కోసం ఒక భారం మోస్తున్నామని అనుకున్నవారికి, డబ్బు ప్రస్తావన రాగానే అదొక బేరంలా కనిపించింది. ఇంత సొమ్ము ఇస్తున్నారంటే ప్రమాదం ఇంకెంత ఉందోనన్న అనుమానం కూడా కలగవచ్చు. దీన్ని బట్టి పరిహారం అనవసరమని చెప్పడం ఘోరమైన పొరపాటు అవుతుంది. భూమి కోల్పోయేవాడికి ప్రతి రూపాయీ ముఖ్యమే, తక్కువ ఇచ్చిన చోట్ల గొడవ ఇంకా ఘోరంగా ఉంటుంది. కానీ అవసరం గురించి, స్థలం గురించి, ప్రత్యామ్నాయం గురించి అడిగిన ప్రశ్నలకు జవాబుగా ధర పెంచితే, అడిగినవారిని కొనడానికి వచ్చినట్టే ఉంటుంది.

ధర ఎవరికి అందుతుందన్నది మరో పెద్ద చిక్కు, నా అనుభవంలో అన్నిటికంటే తక్కువ శ్రద్ధ పెట్టేది ఇక్కడే. రికార్డులో యజమాని పేరు ఉంటుంది. నేల మీద కౌలుదారు ఉంటాడు, కూలికి వచ్చే కుటుంబాలు ఉంటాయి, కోతలయ్యాక గొర్రెలు తోలుకొచ్చే కాపరి ఉంటాడు, వాగులో చేపలు పట్టేవారు, గుట్ట మీద కట్టెలు, ఆకులు ఏరుకునేవారు ఉంటారు. యజమాని వేరే నగరంలో ఉండి చెక్కు తీసుకుని సంతకం చేస్తే కాగితం మీద నూటికి నూరు శాతం అంగీకారం వచ్చినట్టే. మర్నాడు యంత్రాలకు అడ్డంగా నిలబడేది మాత్రం ఆ సంతకంతో పనిలేని మనుషులు. బయటివారి రెచ్చగొట్టుడని పత్రికల్లో రాసేది చాలాసార్లు వీరి గురించే. భారతీయ చట్టం ఈ లోపాన్ని గుర్తించి, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద పనిచేస్తూ దానితోనే ప్రధానంగా బతుకుతున్న కౌలుదారులను, కూలీలను, చేతివృత్తులవారిని కూడా బాధిత కుటుంబాలుగా నిర్వచించింది. నోటిమాట మీద నడిచే కౌలుకు మూడేళ్ల రుజువు ఎక్కడినుంచి వస్తుందన్నది క్షేత్రంలో ఎదురయ్యే ప్రశ్న. విత్తనాల రసీదులు, పంట అమ్మిన చీటీలు, సహకార సంఘం పద్దులు, ఇరుగుపొరుగు రైతుల వాంగ్మూలాలు ఇందుకు పనికొస్తాయి. వీటిని ప్రాజెక్టు గురించి మొదటి మాట వినబడిన రోజునుంచే పోగు చేసుకోవాలి. సర్వే బృందం గుమ్మంలోకి వచ్చాక వెతికితే దొరకవు.

ఉమ్మడి నేలల విషయంలో ఈ రుజువు కూడా ఉండదు. ప్రపంచ బ్యాంకులో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త మైకేల్ సెర్నియా, నిర్వాసితులు పేదరికంలోకి జారే మార్గాలను ఎనిమిదిగా గుర్తించారు: భూమి పోవడం, పని పోవడం, ఇల్లు పోవడం, సమాజంలో పలుకుబడి పోవడం, తిండికి భరోసా పోవడం, రోగాలు పెరగడం, ఉమ్మడి వనరులు అందకుండా పోవడం, మనుషుల మధ్య అల్లిక చెదిరిపోవడం. పరిహారపు పట్టికలో ధర కట్టగలిగేవి మొదటి మూడే, అవీ పాక్షికంగానే. ఆఫ్రికాలోని జాంబెజీ నది మీద కరీబా ఆనకట్ట కట్టినప్పుడు సుమారు 57,000 మంది గ్వెంబే తోంగా ప్రజలను తరలించారు. 1958లో కదలబోమన్నవారిపై పోలీసులు కాల్పులు జరపగా ఎనిమిది మంది చనిపోయారు. ఎలిజబెత్ కోల్సన్, థేయర్ స్కడర్ అనే ఇద్దరు మానవ శాస్త్రవేత్తలు 1956లో మొదలుపెట్టి దశాబ్దాలపాటు వారి వెంటే ఉండి జీవితాలను నమోదు చేశారు. నదీతీరపు ఒండ్రు నేలలో ఏడాదికి రెండు పంటలు తీసినవారిని ఎగువ మెట్టకు పంపడంలో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే, ఇల్లు ఇచ్చిన రోజు తీసిన ఫోటో చాలదని, రెండో తరం దాకా చూడాలని వారి పని నేర్పింది. ఆనకట్టల ప్రపంచ కమిషన్ 2000లో ఇచ్చిన నివేదిక ప్రకారం అప్పటికి ఆనకట్టల కింద చెదిరిపోయినవారు 4 కోట్ల నుంచి 8 కోట్లు. అంచనాలో ఇంత తేడా రావడానికి కారణం, చాలా చోట్ల వారిని సరిగా లెక్కపెట్టినవారే లేకపోవడం.

పాత వాగ్దానాల జ్ఞాపకం కూడా కొత్త ప్రాజెక్టుతో పాటే సభలోకి వస్తుంది. శ్రీశైలం జలాశయం కింద 1981లో సుమారు వంద గ్రామాలు ఖాళీ అయ్యాయి. చాలా ఊళ్లలో ఇళ్లను కూల్చి మరీ పంపించారు. నిర్వాసిత కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామంటూ 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. అది రావలసినవారు దశాబ్దాల తరువాత కూడా దరఖాస్తులు పట్టుకుని తిరిగారు. కృష్ణా తీరంలో ఆ తరువాత ఏ ప్రాజెక్టు సభ జరిగినా, కొత్త అధికారి ఇచ్చే హామీని అక్కడివారు ఆ జీవోతో పోల్చి చూస్తే ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. అమెరికాలో 2016లో డకోటా చమురు పైపులైనుకు వ్యతిరేకంగా స్టాండింగ్ రాక్ ఆదివాసులు నిలబడినప్పుడూ అంతే. ఆ పైపు దాటాల్సిన ఓహే సరస్సు ప్రకృతి సిద్ధమైనది కాదు, అంతకు ముందు ఒక ఆనకట్ట వారి సారవంతమైన లోయను ముంచగా ఏర్పడింది. పైగా బిస్మార్క్ నగరానికి ఎగువన పరిశీలించిన మార్గాన్ని పక్కన పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఆ నగరపు తాగునీటి రక్షణ ఒకటి. తమ తాగునీటికి ఆ జాగ్రత్త ఎందుకు వర్తించలేదన్న ప్రశ్నకు పరిహారంతో జవాబు చెప్పలేరు. కొత్త ప్రాజెక్టుకు ముందు పాత బకాయి తీర్చడం అధికారులు చేయగల అన్ని పనుల్లోకీ చవకైనది. అలా చేసిన చోటు నాకు ఒక్కటి కూడా ఎదురుకాకపోవడం బాధాకరం.

ఇంతవరకు చదివినవారు నేను ఒక పక్షమే చెబుతున్నానని అనుకోవచ్చు. అధికారుల ఇబ్బందులు కూడా నిజమైనవే. మార్గం ఖరారు కాకముందే పటం బయటపడితే, ఊరివారికంటే ముందు భూమి వ్యాపారులు వాలిపోయి చవకగా కొని, పెరిగిన పరిహారం వారే తీసుకుంటారు. సమాచారాన్ని దాచడానికి అధికారులు చెప్పే ఈ కారణంలో నిజముంది. దానికి విరుగుడు చర్చ మొదలైన రోజున ఆ ప్రాంతంలో క్రయవిక్రయాల ధరలను స్తంభింపజేసి, ఆ తేదీని అందరికీ ప్రకటించడం. అలాగే ప్రాజెక్టు వల్ల మేలు పొందేవారు దూరంగా, చెదిరి ఉంటారు. తాగునీరు అందని ఊళ్లు, ఆసుపత్రి దూరమైన కొండపల్లెలు సభకు రావు. ప్రతి మార్గమూ ఎవరో ఒకరి పొలంలోంచే పోవాలి గనుక, ఎవరికీ ఇష్టం లేనిచోట కట్టకూడదంటే ఏదీ కట్టలేం. ఫ్రాన్స్‌లోనే నోత్ర్ దామ్ దె లాండ్ విమానాశ్రయం విషయంలో స్థానికులంటే ఎవరన్న ప్రశ్న తేలనేలేదు. 1974లో ఆ నేలను కేటాయించారు. 2012లో పెద్ద ఎత్తున ఖాళీ చేయించబోయి విఫలమయ్యారు. 2016 జూన్‌లో జిల్లా అంతటా ఓటు పెడితే 55 శాతం మంది కట్టమన్నారు, ఆ ఊరిలో మాత్రం అత్యధికులు వద్దన్నారు. చివరకు 2018 జనవరి 17న ప్రభుత్వమే ప్రాజెక్టును విరమించుకుంది. నలభై ఏళ్లు ఎటూ తేలకుండా ఉంచిన నేల మీద ఓటు పెట్టినా, దాని ఫలితాన్ని ఏ పక్షమూ నమ్మదు. ఓటు పెట్టడానికీ ఒక సమయం ఉంటుంది.

సమయానికి అడిగితే ఏం జరుగుతుందో చూపే ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. నెదర్లాండ్స్‌లో 1995 వరదలకు సుమారు రెండున్నర లక్షల మందిని తరలించవలసి వచ్చాక, కట్టలు ఎత్తు పెంచుకుంటూ పోవడం మాని, నదికే చోటు వదలాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ ప్రణాళికలో ఓవర్‌డీప్ అనే పల్లపు ప్రాంతాన్ని వరద నీటికి వదలవలసి ఉందని 2000 ప్రాంతంలో అక్కడి పాడి రైతులకు తెలిసింది. ఇంకా ఏదీ ఖరారు కాలేదు. వారు తమలో తాము కూర్చుని, నిపుణులను పిలిపించుకుని, తామే ఒక ప్రతిపాదన తయారు చేశారు: కట్ట వెంబడి ఎత్తయిన మట్టిదిబ్బలు పోసి వాటి మీద కొత్త ఇళ్లు, పశుశాలలు కట్టాలి. నది వైపు కట్టను తగ్గించాలి. పాతికేళ్లకు ఒకసారి వరద వస్తే పొలాల మీదుగా పోతుంది, మిగతా కాలమంతా సేద్యం సాగుతుంది. అందరికీ సరిపడా చోటు లేదు గనుక కొందరు వేరే చోటికి వెళ్లడానికి ఒప్పుకున్నారు, ఉండేవారెవరో వెళ్లేవారెవరో తేల్చుకోవడం వారికి కష్టంగానే నడిచింది. పని 2015 నాటికి పూర్తయింది. ఇందులో నన్ను ఆకట్టుకున్నది రైతుల త్యాగం కాదు, వారి ఆలోచన ఇంజినీరింగ్ పటంలోకి ఎక్కగలిగిన దశలో వారికి ఆ కబురు అందడం. ప్రయోజనం పంచుకునే పద్ధతులు కూడా ఈ దశలోనే పనిచేస్తాయి. డెన్మార్క్ 2009 చట్టంతో కొత్త గాలిమరల్లో కనీసం 20 శాతం వాటాను నాలుగున్నర కిలోమీటర్ల లోపు నివసించేవారికి ముందు ఇవ్వజూపాలని నిర్దేశించింది. భూమి పోయేవాడు ఒకసారి చెక్కు తీసుకుని వెళ్లిపోవలసినవాడుగా కాక, ఏటేటా లెక్క అడగగల భాగస్వామిగా మిగలాలన్నది దాని ఉద్దేశం.

ఇక మీ మూడో ప్రశ్న: పనులు సగంలో ఉండగా ఏం చేయవచ్చు? నరిటాలో పాతికేళ్ల తరువాత జరిగినదాన్ని నేను ఇందుకు నమూనాగా తీసుకుంటాను. 1991లో రవాణా మంత్రి, ఇకపై బలప్రయోగం చేయబోమని ప్రకటించారు. టోక్యో విశ్వవిద్యాలయ విశ్రాంత ఆచార్యుడు సుమియా మికియో నాయకత్వంలో ఏ పక్షానికీ చెందని పండితుల బృందం మధ్యవర్తిగా ఉండి, ఆ నవంబరు నుంచి 1993 మే వరకు 15 సార్లు బహిరంగ చర్చ నడిపింది. ప్రభుత్వం బలవంతపు సేకరణ దరఖాస్తును ఉపసంహరించుకుంది, 1966 నాటి తీరు తప్పని ఒప్పుకుంది. అందరూ రాజీపడలేదు, కొందరు రైతులు ఆ తరువాత కూడా కదలలేదు. కానీ మాట్లాడుకునే పరిస్థితి తిరిగి వచ్చింది. ఈ క్రమంలో దేన్నీ ముందువెనకలు చేయలేం. మొదట బలప్రయోగం ఆగాలి. తరువాత ప్రాజెక్టుకు జీతగాడు కాని మనిషి అధ్యక్షస్థానంలో కూర్చోవాలి. ఆ తరువాత ఇక మారనిదేమిటో, ఇంకా మార్చగలిగేదేమిటో కాగితం మీద నిజాయితీగా రాసి ఇవ్వాలి. సర్వీసు రోడ్డు, కింది దారులు, కాలువ దాటే వంతెన, మట్టి తీసే చోటు, ముంపు మట్టం, ఊరు తరలే తేదీ వంటివి పనులు సగమైనా మార్చగలిగినవే. అవసరం లేక మిగిలిపోయిన భూమిని తిరిగి ఇవ్వడమూ సాధ్యమే. మార్చలేనిదాన్ని మారుస్తామని చెప్పి మరో సభ పెట్టిన చోట, ఆ తరువాత పిలిచే సభకు ఎవరూ రారు.

ఇది అధికారులకు చెప్పవలసిన మాట. మీది బాధితుల పక్షమైతే, మీకు మిగిలిన సమయం ఎంతో ముందు చూసుకోండి. నోటిఫికేషన్ ఏ చట్టం కింద వచ్చిందో మొదటి పేజీలోనే ఉంటుంది. భారత్‌లో 2013 నాటి భూసేకరణ చట్టం కింద వస్తే ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి 60 రోజులు, జాతీయ రహదారుల చట్టం కింద వస్తే 21 రోజులు అభ్యంతరం చెప్పుకునే గడువు. అభ్యంతర పత్రంలో ధర గురించి ఒక్క వాక్యమూ రాయకండి, ధరకు తరువాత వేరే దశ ఉంది. ధర గురించి రాసిన మరుక్షణం, భూమి ఇవ్వడానికి మీరు సిద్ధమే, మొత్తం దగ్గరే తేడా ఉంది అని ఫైలులో నమోదవుతుంది. ఈ నేలే ఎందుకు కావలసి వచ్చింది, పరిశీలించి వదిలేసిన మిగతా మార్గాలేవి, వాటిని ఏ కారణంతో వదిలేశారు, ఈ నేల మీద రికార్డులో లేని ఎవరెవరు బతుకుతున్నారు అన్నవి పేర్లతో, సర్వే నంబర్లతో, వీలైతే మీరే గీసిన చేతి పటంతో రాయండి. ప్రత్యామ్నాయ మార్గాల పోలిక ఉన్న నివేదిక అధ్యాయాన్ని సమాచార హక్కు కింద అడగండి. జవాబుకు వారికుండే ముప్పై రోజుల గడువు, రహదారుల చట్టం కింద మీకున్న 21 రోజులను దాటిపోతుంది, 60 రోజులున్న చోటా సగం తినేస్తుంది కాబట్టి, నోటీసు కోసం ఎదురుచూడకుండా, మీ పొలంలో మొదటి హద్దురాయి పాతిన వారంలోనే ఆ దరఖాస్తు వేయండి. ప్రతి పత్రానికి రసీదు తీసుకోండి. విచారణకు పిలిచినప్పుడు మీరు చెప్పినది చెప్పినట్టు నమోదయిందో లేదో చదివి, తేడా ఉంటే ఆ తేడాను కూడా అక్కడే రాసి, ఆ తరువాతే సంతకం పెట్టండి.